కవర్ అవుతుందన్నారు

ఆ ఉదయం జడ వేసుకోలేకపోయాను. పాయలు తీశాను గానీ నాలుగు మెలికలు పడేసరికి వేళ్లు బిగుసుకుపోయాయి. పడుకున్న తీరు బాగాలేదేమో అనుకుని వేడినీళ్లలో చేతులు ముంచి, జుట్టుకు క్లిప్పు పెట్టుకుని, చేవెళ్లలో ఆఫీసు బస్సెక్కాను. మొయినాబాద్ దాటాక వేళ్లు సాగాయి. సాగాయి కాబట్టి రోగం కాదనుకున్నాను.

నాకు అప్పటికి నలభై ఏడు. చేవెళ్లలో కిరాయి ఇంట్లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. నగర శివారులో ఒక ఐటీ కంపెనీలో ఉద్యోగం. అమెరికాలో ముసలివాళ్లకు మందుల ప్లాన్లు ఉంటాయి. ఏ ప్లాన్‌లో ఏ మందు వస్తుంది, చేతి నుంచి ఎంత పడుతుంది అని పక్కపక్కన పెట్టి చూపించే పేజీలు మా ప్రాజెక్టు. వాటిలో తప్పులు పట్టడం నా పని. పాత ధర అట్లాగే ఉండిపోయేది. నెల మందుకు ఒక్క స్ట్రిప్ ధర పడేది. ప్లాన్ నుంచి తీసేసిన మందు పక్కన కూడా ఆకుపచ్చ టిక్కు వెలుగుతూ ఉండేది. దొరికిన తప్పును నేను డిఫెక్ట్ అని రాసి పంపితే మా టీమ్ లీడ్ విసుక్కునేవాడు.

"నెక్స్ట్ రిలీజ్ల చూద్దాం మేడం. ఆ మందు ఎంతమంది చూస్తరు?"

"ఒక్కరు చూస్తే చాలదా? ఆ ఒక్కరు అది మింగేటోళ్లే కదా."

ఇట్లాంటి మాటలకే మధ్యాహ్నం నా బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవారు కాదు. నాకూ పెద్ద ఫికర్ ఉండేది కాదు, చేతులు బాగున్నంతవరకు.

తర్వాత మణికట్లు వాచాయి, మోకాళ్లు పట్టేశాయి. కీళ్ల జబ్బులు చూసే రుమటాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను. "పొద్దున స్టిఫ్‌నెస్ ఎంతసేపు ఉంటుంది?" అన్నాడు. "బస్సు మొయినాబాద్ దాటేదాకా" అన్నాను. రక్తపరీక్షల్లో ఈఎస్‌ఆర్, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అన్నీ ఎక్కువే వచ్చాయి.

"రుమటాయిడ్ ఆర్థరైటిస్ అమ్మా. మీ ఇమ్యూనిటీ మీ జాయింట్ల మీదికే వస్తోంది."

"అందరితో కొట్లాడిన గానీ దానితో ఎప్పుడూ కొట్లాడలేదు డాక్టర్."

ఆయన నవ్వలేదు. మెథోట్రెక్సేట్ మాత్ర రాసి, "వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది" అని రెండుసార్లు చెప్పాడు.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. మళ్లీ జడ వేసుకున్నాను. అంతలో ఎస్‌జీపీటీ పెరిగింది. లివర్ తట్టుకోవడం లేదని ఆ మాత్ర ఆపేశారు. ఆపగానే వాపులన్నీ తిరిగొచ్చాయి. ఎక్స్‌రేలో వేలి ఎముక అంచు కొరికినట్టు కనిపించింది.

"బయోలాజిక్ మొదలుపెడదాం. ఇంట్లోనే పొట్టకు వేసుకునే ఇంజెక్షన్. ఆలస్యం చేస్తే వేళ్లు వంకర పోతాయి, మళ్లీ తిరిగి రావు" అన్నాడు డాక్టర్.

దాని ధర నా జీతంలో సగం మింగుతుంది. సరిగ్గా అప్పుడే మా కంపెనీ ఉద్యోగులకు మూడు ఇన్సూరెన్స్ ప్లాన్లు ఇచ్చి, ఒకటి ఎంచుకోమంది. పాత రోగాలకూ ఇస్తామంది. పోర్టల్‌లో మందు పేరు కొట్టాను. మధ్య ప్లాన్ కింద ఆకుపచ్చ టిక్కు, పక్కన నేను భరించగల ధర. రోజంతా టిక్కులను అనుమానించే మనిషిని, ఊరికే నమ్ముతానా? హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేశాను.

"ఈ ఇంజెక్షన్ కవర్ అయితదా?"

"అయితది మేడం."

సబ్మిట్ కొట్టాను. కొడితే ఏడాది దాకా మార్చుకోనివ్వరు.

మొదటి బిల్లే తిరిగొచ్చింది. మళ్లీ ఫోన్ చేశాను.

"అడ్మిట్ అయితేనే ఇస్తరు మేడం. ఒక రాత్రన్న ఉండాలె."

"పేజీ మీద ఆ ముక్క ఏది?"

"పేజీ ఇండికేటివ్ మాత్రమే మేడం."

"అంటే?"

"అంటే... సుమారుగ."

"టిక్కు గూడ సుమారుగ పెడ్తరా తమ్మీ?"

ధర సంగతి అడిగితే, అది చిన్న డోసు ధర అన్నాడు. ఈ తప్పులన్నీ నాకు తెలిసినవే. అమెరికాలో ఎవరో ముసలమ్మకు జరగకూడదని రోజూ రాసేవే. ఆ పోర్టల్ వెనక నాలాంటిది ఎవరూ కూర్చోలేదు. కూర్చున్నా, ఆమె మాట నెక్స్ట్ రిలీజ్‌కు పోయి ఉంటుంది.

పక్క వాటాలో ఉండే బాలవ్వ నా అరుపులు విని గుమ్మంలోకి వచ్చింది. "ఏందే బిడ్డా, పొద్దుగాల్నుంచి కవర్ కవర్ అని లొల్లి వెడ్తున్నవ్? నా తాన బొచ్చెడున్నయ్, తీస్కో" అని మడత పెట్టిన ప్లాస్టిక్ కవర్ల కట్ట చేతిలో పెట్టింది. నవ్వాను. నవ్వుతుంటే కండ్లనీళ్లు వచ్చాయి. ఆపడం నా వల్ల కాలేదు.

డాక్టర్ దారి మార్చాడు. అదే జాతి మందు, డ్రిప్‌లో ఎక్కిస్తారు, ఒక రాత్రి అడ్మిట్ అయితే ప్లాన్ ఇస్తుంది. దవాఖానలో పడుకోనక్కర్లేని రోగానికి, టిక్కు కోసం పడుకోవాలన్న మాట.

"అటెండెంట్ ఎవరు మేడం?" అన్నది అడ్మిషన్ కౌంటర్లో అమ్మాయి.

"నేనే."

"మీరు పేషెంట్ కదా."

"అటెండెంట్ గూడ నేనే."

"అట్ల నడ్వది మేడం. ఎవరినన్న తోలుకొని రాండ్రి."

ఆ రోజు మందు ఎక్కకుండానే చేవెళ్ల బస్సెక్కాను. ఎవరిని తీసుకురావాలో దారి పొడుగునా ఆలోచించాను. మొయినాబాద్ దాటినా ఒక్క పేరూ తట్టలేదు.

సంగతి విని బాలవ్వ, "నన్నడగనీకి నీకు నోరు లేదా? ఊరందరితోని కొట్లాడ్తవ్ గద" అన్నది. చీర, దువ్వెన, వక్కపలుకులు ఒక కవర్‌లో వేసుకుని నాతో వచ్చింది. డ్రిప్ సీసా చూసి, "గీ నీళ్లకా గింత లొల్లి?" అన్నది. మందు ఎక్కుతుండగా నా వీపు తన వైపు తిప్పుకుని, చిక్కులు తీసి జడ వేసింది. చాలా ఏళ్ల తర్వాత ఇంకొకరి చేతులు నా తల మీద తిరిగాయి.

రెండో డ్రిప్పు నాటికి బాలవ్వను కూతురు షాబాద్‌కు తీసుకుపోయింది. నేను ఒక్కదాన్నే వెళ్లి, నడవగలను, సంతకం పెట్టగలను, మరి అటెండెంట్ దేనికి అని డ్యూటీ సిస్టర్‌తో వాదించాను. చివరికి ఆమె అటెండెంట్ అన్నచోట 'సెల్ఫ్' అని రాసింది. గెలిచాను. ఒక వాదన గెలిచి అంత ఏడ్చిన రోజు ఇంకొకటి లేదు.

ఏడాది తిరిగాక, ఇంట్లో వేసుకునే ఇంజెక్షన్‌కూ డబ్బులిచ్చే ప్లాన్‌కు మారాను. ఇప్పుడు వారానికొకసారి ఇంట్లోనే ఇంజెక్షన్ వేసుకుంటాను. ఒక వేలు కొద్దిగా వంగింది, అంతే. జడ వదులుగా పడుతుంది, కానీ నేనే వేసుకుంటాను. ఆఫీసులో డిఫెక్ట్ రాస్తే కింద ఇంకో వాక్యం చేరుస్తున్నాను: 'ఈ మందు వాడే మనిషి ఇంట్లో ఒంటరిగా ఉండవచ్చు.' టీమ్ లీడ్ దాన్ని తీసేస్తాడు. నేను మళ్లీ రాస్తాను.

మీకు చెప్పేది ఒక్కటే. 'కవర్ అవుతుందా' అని అడగకండి. 'అడ్మిట్ కాకుండా, ఇంట్లో, ఈ డోసు వేసుకుంటే నా చేతి నుంచి ఎంత పడుతుంది' అని అడగండి. జవాబు మెయిల్‌లో వచ్చేదాకా సబ్మిట్ కొట్టకండి.

బాలవ్వ ఇచ్చిన కట్టలో ఒక కవర్ ఇప్పటికీ నా బ్యాగులో ఉంటుంది. ఐస్ ప్యాక్ పెట్టి ఇంజెక్షన్ అందులోనే ఇంటికి తెచ్చుకుంటాను. చేవెళ్లలో నా మందును అడగకముందే కవర్ చేసింది ఆమె ఒక్కతే.