వాయిదాల బల్ల

కోర్టులో అన్ని వాయిదాలు పడకపోతే నేను పుట్టేదాన్నే కాదు. మా నాన్న సిటీ బస్సు డ్రైవరు. పెళ్లైన కొత్తలో అమ్మా ఆయనా ఏదో మాటా మాటా అనుకున్నారు. మర్నాడు స్టాపులో అమ్మ చెయ్యెత్తితే నాన్న బస్సు ఆపకుండా వెళ్లిపోయాడు. అమ్మ మాత్రం తక్కువ తిన్నదా! నేరుగా వెళ్లి విడాకులకు దావా వేసింది.

కోర్టు వరండాలో ఓ చెక్క బల్ల. ఆ చివర ఆవిడ, ఈ చివర ఈయన. డ్యూటీ దిగి ఆకలితో నకనకలాడుతూ వచ్చేవాడట నాన్న. ఒక మధ్యాహ్నం అమ్మ ముఖం అటు తిప్పుకునే అన్నం క్యారియర్ ఇటు తోసింది. ఆ తర్వాత వాయిదా వాయిదాకీ బల్ల మీద ఖాళీ తగ్గుతూ వచ్చింది. చివరికి బంట్రోతు పేర్లు పిలిచే వేళకి ఇద్దరూ అక్కడ లేరు.

ఇప్పుడా కోర్టు ఊరి చరిత్ర చెప్పే మ్యూజియం. అమ్మకి మతిమరుపు ముదిరింది. ఏడాదిగా నాన్నని చూసి, "ఎవరు బాబూ మీరు? మా ఆయన వచ్చే వేళయింది" అంటోంది. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లి, కాసేపాగి మళ్లీ తలుపు కొడతాడు, ఈసారైనా గుర్తుపడుతుందేమోనని. నాకు ఏడుపూ కోపమూ కలిసి వస్తాయి.

"మీ అమ్మకి ఆ బల్ల చూపిద్దామే ఒకసారి" అన్నాడు నాన్న ఓ రోజు.

"చూపించి?" అన్నాను విసురుగా. ఆయన అప్పటికే అమ్మ చెప్పులు వెతుకుతున్నాడు. సరేనని తీసుకెళ్లాను.

లోపల రంగు అద్దాల్లోంచి ఎండ ఎర్రగా, నీలంగా నేలంతా పరుచుకుని ఉంది. పాత తూకపురాళ్లు, ఎవరివో కళ్లజోళ్లు, ఆగిపోయిన గడియారాలు. అమ్మ ఆ రంగుల్ని తొక్కకుండా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, నీళ్లలో నడుస్తున్నట్టు నడిచింది. ఆమె వెనకే మేమూ అలాగే నడిచాం. ఎందుకో నాకే తెలియదు.

వరండాలో బల్ల అలాగే ఉంది. చుట్టూ తాడు, "కూర్చోరాదు" అని బోర్డు. అమ్మ తాడు కిందనుంచి దూరి, ఒక చివర కూర్చుంది. గార్డు పరుగెత్తుకొచ్చాడు. "ఒక్క నిమిషం బాబూ, నీకు పుణ్యముంటుంది" అని అడ్డం నిలబడ్డాను.

నాన్న మెల్లగా రెండో చివర కూర్చున్నాడు. అమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, చటుక్కున ముఖం అటు తిప్పేసుకుంది.

"మీతో నాకు మాటల్లేవు. ఏదున్నా జడ్జిగారి ముందే చెప్పుకోండి. చెయ్యెత్తితే బస్సాపని మనిషితో నేను కాపురం చెయ్యను!"

నాన్న భోరుమన్నాడు. ఏడుస్తూనే నాకేసి తిరిగి, "గుర్తుపట్టిందే తల్లీ! మీ అమ్మ నన్ను గుర్తుపట్టింది!" అన్నాడు.