ఆమె తినని రొట్టె

మా మేనత్త పోయిందన్న కబురూ, రొట్టె ఎక్కడుందన్న ప్రశ్నా ఒకే ఫోన్‌లో వచ్చాయి. ఆదివారం పొద్దున్నే సిరొంచలో నేను అద్దెకుంటున్న ఇంటివాళ్ళ ఫోన్‌కి, అత్త ఉండే అంకిస నుంచి చర్చి సంఘం మనిషి ఒకాయన చేశాడు. "మీ అత్తమ్మ ప్రభువు దగ్గరికి పోయింది బిడ్డా. పక్కింటోల్లు పోయి లేపితే లేవలేదట. నిద్రలనే పోయింది." ఆ వెంటనే గొంతు తగ్గించి అడిగాడు: "ఇయ్యాల మొదటి ఆదివారం గద. రొట్టె కాల్చి పెట్టిందా, నీకేమన్న ఎర్కనా?"

ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఈ నాలుగు మాటలూ ఆ కోపం చల్లారకముందే రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. మా అత్త గురించి మెత్తగా రాస్తే చదివినవాళ్ళు ఇంకెవరో అనుకుంటారు.

ముందు ఆ రొట్టె సంగతి చెప్పాలి. అంకిసలో మా చర్చిలో నెలకొకసారి, మొదటి ఆదివారం ప్రభువు బల్ల జరుగుతుంది. దానికి రొట్టె మా అత్తే కాల్చేది. గోధుమపిండి, నీళ్ళు, అంతే. ఉప్పు వేయదు, పిండి పులియనివ్వదు. శనివారం సాయంత్రం పెనం తోమి, ఆరబెట్టి, రొట్టె కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి పెడితే తెల్లవారి ఎవరో వచ్చి పట్టుకుపోయేవారు. చర్చిలో దాన్ని విరిచి పళ్ళెంలో పెట్టి వరస వెంట పంపుతారు. తలా ఒక ముక్క తీసుకుంటారు. పళ్ళెం అత్త దగ్గరికి వచ్చేది. ఆమె రెండు చేతులతో అందుకుని, ఏమీ తీసుకోకుండా, పక్కామెకు ఇచ్చేది. తాను కాల్చిన రొట్టెను ఏళ్ళ తరబడి తాను నోట పెట్టలేదు. ఒక పడవ దగ్గర జరిగిన గొడవకు, నువ్వు తినకూడదని సంఘం చెప్పింది. మరి ఎందుకు కాల్చేదంటారా? నేనూ అడిగాను. "రొట్టె వాళ్ళదా? వాళ్ళు నన్ను వద్దన్నరు గని, ఆయన వద్దన్లే" అంది.

ఖాళీ గుడ్డ సాయంత్రానికి ఇంటికి తిరిగివచ్చేది. మడతల్లో నలుసులు మిగిలి ఉండేవి. వాకిట్లో దులిపి కోళ్ళకు వేసేది. "అత్తా, ఆ నలుసులన్నా తినరాదే, ఎవలు చూస్తరు?" అన్నాను ఒకసారి. "దొంగచాటుగ తినుడెందుకు? తింటే అందరి ముందట తింట" అంది.

ఆమె అసలు నోరున్న మనిషి. మామ పెళ్ళైన కొన్నేళ్ళకే పోయాడు, పిల్లలు లేరు. గోదారి పక్కన చిన్న వరిమడి, ఒక మేక, కోళ్ళు. చదువు కోసం మా నాన్న నన్ను ఆమె దగ్గర దించిపోయాడు. ఆ ఇంట్లో నేను చదివిన చదువు బడిలో చదివిన దానికంటే ఎక్కువ.

నారు పోసే ముందు విత్తనాల సంచి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. ఆ వెంటనే అందులోంచి గుప్పెడు తీసి తడి గోనెలో చుట్టి మూలన పెట్టేది. మొలకలు సరిగా రాకపోతే ఆ సంచిని నిర్దయగా పక్కన పడేసేది. "ప్రార్థన జేసినంక మళ్ళ పరీక్ష ఎందుకే?" అని పక్కింటామె దెప్పింది. "మొలిపిచ్చుడు ఆయన పని. పుచ్చు గింజలు చల్లకుండ చూసుడు నా పని. ఆయన పని ఆయనకు ఇడిచిపెడుత. నా పని ఆయన నెత్తిన పెట్ట."

ఒక ఎండాకాలం, పక్క వాడలో ఒకామె జ్వరంతో కాలిపోతున్న పిల్లను భుజాన వేసుకుని వచ్చింది. ప్రార్థన చెయ్యమని అడిగింది. అత్త చెప్పులు తొడుక్కుంది. "ఎటు పోతున్నవ్, ప్రార్థన జెయ్యవా?" అంది ఆ తల్లి. "జేస్త. నడుసుకుంట జేస్త. ఎస్టీ బస్సు వచ్చే యాళ్ళయింది, దవాఖానకు పోవాలె. దేవునికి నడిసేటోల్ల ప్రార్థన సుత ఇనబడ్తది." బస్సు దాకా దారి పొడుగునా పైకి వినబడేలా ప్రార్థన చేస్తూనే నడిచింది. మధ్యలో ఒకచోట "ఆమేన్" అనకుండానే ఆపి, అడ్డంగా పడుకున్న బర్రెను అదిలించి, మళ్ళీ మొదలుపెట్టింది. ఇదంతా చూసి ఆమెకు భక్తి తక్కువ అనుకున్నవాళ్ళున్నారు.

అలాంటివాళ్ళకు ఆ వరద నాటి మధ్యాహ్నం చూపించాల్సింది. గోదారి మా వాడ దాకా వస్తుందన్నారు. అత్త పొద్దుటి నుంచి బియ్యం అటక మీదికెక్కించింది, మేకను దిబ్బ మీద కట్టేసి వచ్చింది, మంచినీళ్ళు నింపింది, ముసలివాళ్ళను బడి భవనానికి చేర్చడానికి నలుగురిని కేకలేసి కదిలించింది. అన్నీ అయ్యాక బడి వరండాలో కొంగు పరుచుకుని పడుకుంది. చుట్టూ జనం పరేషాన్‌గా నీళ్ళ వంక చూస్తుంటే గురక పెట్టి నిద్రపోయింది. లేపితే విసుక్కుంది: "నా పని అయిపోయింది. ఇగ ఆయన పని ఆయన జూసుకుంటడు. నన్నెందుకు లేపుతరు?" ఆ రోజు వరండాలో అంత హాయిగా పడుకోగలిగిన మనిషి ఇంకొకరు లేరు. ఆమెకు విశ్వాసం లేదని తేల్చినవాళ్ళు కూడా ఆ వరండాలోనే మేలుకుని ఉన్నారు.

ఆమె ఇంత జాగ్రత్త మనిషి ఎందుకయ్యిందో కొందరు కథలు అల్లారు. మామ చావు దెబ్బకు భయం పట్టుకుందన్నారు. ఏ దెబ్బా లేదు, ఏ భయమూ లేదు. పుట్టుకతోనే అంత. మా నాయనమ్మ చెప్పేది, పుట్టేటప్పుడు మంత్రసానికే పని చెప్పి ఉంటుందనీ, చిన్నప్పటి నుంచీ అందరికీ అలాగే పని చెప్పేదనీ.

ఇక పడవ సంగతి. అది దసరా సెలవుల్లో జరిగింది. గోదారి అవతలి ఒడ్డున మూడు రోజుల ప్రార్థన కూటాలు. నేను అప్పటికి పన్నెండో తరగతి. అప్పుడు వంతెన లేదు, నాటుపడవలే. వానలు తగ్గినా నది ఇంకా నిండుగానే ఉంది. సంఘమంతా ఒకే పడవలో ఎక్కింది. మనుషులు, వంట గంజులు, బియ్యం సంచులు, జంబుఖానాలు, డోలకు. పడవ అంచుకూ నీళ్ళకూ మధ్య బెత్తెడు జాగా కూడా లేదు. "సగం సగం మంది, రెండు మాట్ల పోదాం" అన్నాడు పడవతను. మా సంఘ పెద్ద ఒప్పుకోలేదు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ఇప్పుడే చెప్పేస్తాను. ఊళ్ళో ఎవరింట్లో పొయ్యి వెలగకపోయినా ముందు ఆయన ఇంటి నుంచే బియ్యం వెళ్ళేవి. "మీటింగు మొదలైతాంది. దేవుని పని మీద పోతున్నం, ఏం గాదు. నడువు" అన్నాడు.

అత్త లేచి నిలబడింది. "అన్నా, నేను దిగుత."

"ఏందే చెల్లె? దేవుని మీద నమ్మకం లేదా?"

"దేవుని మీద ఉన్నది. ఈ పడవ మీద లేదు."

కొందరు నవ్వారు. పెద్దాయన ముఖం ఎర్రబడింది. "నువ్వు దిగితే అందరు భయపడ్తరు."

"మంచిదే. భయపడితే దిగుతరు. గాలిల దీపం బెట్టి దేవుడా నీదే బారం అంటే, దీపం ఆరిపోతది, ఆయనకు చెడ్డపేరొస్తది. ఆయన పేరు నేను ఖరాబ్ చెయ్య."

చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మోకాటి లోతు నీళ్ళలోకి దిగింది. నాకు చెయ్యి అందించింది. చంటిపిల్లను ఎత్తుకున్న ఒక తల్లి, భర్త వద్దంటున్నా వినకుండా, మా వెనకే దిగింది. మిగతావాళ్ళు దిగలేదు. పడవ పాట పాడుకుంటూ కదిలిపోయింది.

ఒడ్డున నిలబడి అత్త పెదాలు కదుపుతూనే ఉంది. ప్రార్థన చేస్తోంది, కళ్ళు మాత్రం మూయలేదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి ఆ మాటలు విన్నాను: "దేవా, నా మాట అబద్ధం గావాలె. నన్ను జూసి అందరు నవ్వనీ. వాళ్ళు మంచిగ చేరాలె." నడి ఏట్లో పడవ ఒక్కసారి పక్కకు ఒరిగింది, అత్త గోళ్ళు నా చేతిలో దిగాయి. పడవ సర్దుకుంది. అవతలి ఒడ్డు తాకేదాకా ఆమె రెప్ప వేయలేదు.

పడవ మునగలేదు. చదువుతున్నవాళ్ళు మునుగుతుందని ఎదురుచూసి ఉంటే క్షమించండి, క్షేమంగా చేరింది. ఖాళీ పడవ తిరిగివచ్చాక మేమూ వెళ్ళాం. ఆ సాయంత్రమే పెద్దాయన అందరి ముందు సాక్ష్యం చెప్పాడు. నమ్మినవాళ్ళను దేవుడు దాటించాడనీ, నమ్మనివాళ్ళు ఒడ్డున మిగిలారనీ అన్నాడు. జనం మా వైపు తిరిగి చూశారు. అత్త తల వంచుకోలేదు. భోజనాల దగ్గర ఎవరో ఎగతాళి చేస్తే, "మేం దిగినందుకు పడవ జర తేలికై చేరిన్రు. నాకు దండం బెట్టుకొని తినుండ్రి" అంది.

తర్వాత సంఘం కూర్చుంది. "నాకు విశ్వాసం తక్కువైంది" అని బల్ల ముందు ఒప్పుకోవాలి, అప్పటిదాకా రొట్టె తీసుకోకూడదు అని తీర్పు. ఒక్క మాటే కదా, అనేస్తే పోయేది. అత్త అనలేదు. "అది అబద్ధం అన్నా. బల్ల ముందట నిలబడి అబద్ధం ఎట్ల చెప్పాలె?" చర్చి మానలేదు, మరో చర్చికి పోలేదు. అదే చాప మీద అదే చోట కూర్చుని, పళ్ళెం అందుకుని, పక్కకిచ్చింది. ఆ ప్రార్థన సంగతి వాళ్ళకు చెప్పమని నేను ఎన్నోసార్లు పోరాను. "నేను అడిగిందే ఆయన ఇచ్చిండు. ఇచ్చినంక ఏడుసుడెందుకు? నవ్వుకోనియ్" అని నా నోరు మూయించింది. ఆమె బతికున్నంత కాలం మూసుకునే ఉన్నాను.

ఆ ఆదివారం నేను అంకిస చేరేసరికి అత్తను చర్చిలోకి తెచ్చి బల్ల ముందు పెట్టెలో పడుకోబెట్టారు. "ఎంత జాగర్త పడ్డది, ఏం లాభం, పోయింది గద" అని ఎవరో గొణుగుతున్నారు. ఆమె జాగ్రత్త చావకుండా ఉండడానికా? ఇచ్చిన బతుకును పారబోసుకోకుండా ఉండడానికి. దాన్ని అత్త పారబోయలేదు, చివరి చుక్క దాకా వాడుకుని పోయింది.

ఇంట్లో వెతికాను. పిండి డబ్బా మీద తెల్లగుడ్డ మూట ఉంది. శనివారం సాయంత్రం కాల్చి పెట్టేసిందన్నమాట. మూట చంకలో పెట్టుకుని చర్చికి వచ్చాను. గుమ్మంలో సంఘ పెద్ద ఎదురొచ్చాడు. ముసలివాడైపోయాడు. కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. "భయపడకు బిడ్డా. ఆఖరి ప్రార్థనల ఆమె అవిశ్వాసాన్ని మన్నించమని నేనే అడుగుత. మంచిగ సాగనంపుదాం" అని, రొట్టె కోసం రెండు చేతులూ చాపాడు.

నేను ఇవ్వలేదు. లోపలికి నడిచి బల్ల పక్కన నిలబడ్డాను. పాస్టరు వయసులో చిన్నవాడు, ఏమీ పాలుపోక నా వంక చూశాడు. పిల్లలకు పాఠం చెప్పే గొంతు కదా నాది, వెనక చాప దాకా వినబడింది.

"రొట్టె ఇగో. నిన్న మా అత్త కాల్చింది. ఆమెకు విశ్వాసం లేదంటే ఇది ఎవ్వలు ముట్టొద్దు. విశ్వాసం లేని చేతులు పిసికిన పిండి మీకెందుకు? ఇన్నేండ్లు ఎందుకు తిన్నరు? తినేటట్టుంటే, ఆమె మీద ఆ మన్నింపు ప్రార్థన జెయ్యొద్దు. రెండిట్ల ఒక్కటే."

అప్పుడు చెప్పాను, పడవ దాటేదాకా ఒడ్డున ఆమె ఏమని ప్రార్థించిందో. నా మాట అబద్ధం కావాలె, నన్ను జూసి నవ్వనీ, వాళ్ళు మంచిగ చేరాలె. ఆ మూడు మాటలే చెప్పాను.

ముందు లేచింది ఆ చంటిపిల్ల తల్లి. పిల్ల ఇప్పుడు బడికి పోతోంది. పిల్ల చెయ్యి పట్టుకుని ముందుకొచ్చి, "అయ్యగారూ, నాకు రొట్టె ఇయ్యుండ్రి" అంది. పాస్టరు నా చేతిలోంచి మూట తీసుకున్నాడు. ఆయన చేసిన ప్రార్థన చిన్నది. ఈ రొట్టె కోసం, దీన్ని కాల్చిన చేతుల కోసం స్తోత్రం అన్నాడు, అంతే. పళ్ళెం వరసల్లోకి వెళ్ళింది. ఒక్కొక్కరే తీసుకున్నారు. కొందరు ఏడుస్తూ నమిలారు. చివరికి పెద్దాయన దగ్గరికి చేరింది. ఆయన చాలాసేపు పట్టుకుని కూర్చుని, ఒక ముక్క తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయనేం చేశాడో నేను చూడలేదు, పెట్టె మూత వేస్తున్నారు.

సమాధుల దగ్గర అందరూ వంగి కుడిచేత్తో పిడికెడు మట్టి తీసి వేశారు. పెద్దాయన ఎడమచేత్తో వేశాడు. ఇదేం పద్ధతి అన్నట్టు పక్కవాళ్ళు చూశారు. మట్టి పూడ్చడం అయ్యింది, పాట అయ్యింది, చేతులు కడుక్కోవడానికి బిందె తెచ్చారు. అందరూ కడుక్కుని ఇళ్ళకు మళ్ళారు. ఆయన కడుక్కోలేదు. కొత్త మట్టి పక్కన, ఎండలో, ఒక్కడే నిలబడి ఉన్నాడు. కుడిచేతి పిడికిలి కొద్దిగా విప్పి చూసుకుంటున్నాడు. రొట్టె ముక్క ఇంకా అందులోనే ఉంది.