మాడిన జీడిపప్పు

మొన్న పలాసలో మా తమ్ముడి జీడిపప్పు కార్ఖానాలో కూర్చుని కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే, కొత్త రకం అణు రియాక్టర్ల భద్రతా పరిశోధనకు ప్రభుత్వం నిధులు ఇస్తోందన్న వార్త లోపలి పేజీలో ఓ మూల కనిపించింది. నా ఈడువాళ్ళు అలాంటివి దాటేసి రాశిఫలాల దగ్గరికి పోతారు. నేను మాత్రం రెండుసార్లు చదివాను, నా ఉద్యోగంలో మొదటి ఏళ్ళన్నీ ఆ పనిమీదే గడిచాయి మరి.

రియాక్టరును ఆపేశాక కూడా దాని లోపల వేడి పుడుతూనే ఉంటుంది. కరెంటు పోయి పంపులు ఆగినా, వేడి నీరు పైకి, చల్లబడిన నీరు కిందికి తనంతట తానే తిరుగుతూ ఆ వేడిని లాగేయగలదా అన్నది మేము తేల్చవలసిన సంగతి. అందుకోసం పరిశోధనశాలలో రెండంతస్తుల ఎత్తున గొట్టాలు కట్టి, అణు ఇంధనానికి బదులు కరెంటు హీటర్లు పెట్టాం. సెలవుల్లో ఇదంతా చెబితే అమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. అక్కుపల్లి తోటల జీడిపిక్కలు కొని పెరట్లో వేపి అమ్మే మనిషి ఆవిడ; మంట లాగేశాక కూడా పెనంలో పిక్కలు మాడతాయని ఆవిడకు ఎప్పుడో తెలుసు. రెండూ ఒకటి కాదని నేను వివరించబోతే వినిపించుకోలేదు.

అమ్మకు ఇంకో అలవాటుండేది. టెక్కలి నుంచి వ్యాపారి వస్తే, మంచి పప్పు కంటే ముందు మాడిన పప్పు పళ్ళెంలో పోసి పెట్టేది. మాకు సిగ్గుగా ఉండేది. "మాడింది ముందు సూపించాల. మంచిది ఆళ్ళే సూసుకుంటారు," అనేది.

ఒక ఏడాది నిధుల గడువు ముగిసి, మళ్ళీ ఇవ్వాలో వద్దో తేల్చడానికి కమిటీ వస్తోంది. అంతకు కొద్దిరోజుల ముందు చేసిన ఒక పరీక్షలో నీటి ప్రవాహం నడుమ నిలిచిపోయి, హీటర్ల దగ్గర వేడి చప్పున పెరిగిపోయింది. మిగతావన్నీ చక్కగా వచ్చాయి. ఆ ఒక్క గ్రాఫు తీసేసి నివేదిక తయారు చేయమన్నారు మా పెద్దసారు. కారణం తర్వాత వెతుకుదాం, నిధులు ఆగితే పదకొండు మంది ఇళ్ళకు పోవాలి అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఆ పదకొండు మందిలో నేనూ ఒకదాన్ని. గ్రాఫు తీసి నా సొరుగులో పెట్టుకున్నాను.

నిధులు వచ్చాయి. ఏడాది తిరక్కుండానే లోపం పట్టుకుని సరిచేశాం, తర్వాతి నివేదికలో రాశాం కూడా. అది మాకు ముందే తెలుసన్న మాట మాత్రం రాయలేదు. ఎవరికీ ఏ హానీ జరగలేదు. కానీ ఒక పరీక్ష పాడైందని అమ్మకు ముందే చెప్పి ఉన్నాను గనక, కమిటీ వెళ్ళిన మర్నాడు ఫోనులో అడిగింది.

"ఏటే, మాడింది సూపించినావా?"

చూపించానన్నాను. ఆవిడ పొంగిపోయి ఆ మాట వీధిలో అందరికీ చెప్పుకుంది.

ఇప్పుడు అమ్మ లేదు. పెనాలూ పొగా పోయి కార్ఖానాలో ఆవిరి బాయిలర్లు వచ్చాయి, పప్పు మాడటమే అరుదు. వ్యాపారులు ఫోనులో ఫొటో చూసి బేరమాడతారు, ఫొటోకి తమ్ముడు తెల్లటి గింజలే ఏరి పెడతాడు. ఈ కొత్త నిధులతో పనిచేయబోయే పిల్లలకు మా కంటే మంచి పరికరాలు ఉంటాయి, సందేహం లేదు. సాయంత్రం ఇంటికి ఫోను చేస్తే అమ్మలా అడిగేవాళ్ళు కూడా వాళ్ళకు ఉండాలని నా కోరిక. నన్ను అడిగిన మనిషికి నేను నిజం చెప్పలేదు.