ఈ బర్రె సుప్రజది

మా విజయభాస్కర్ మామ ఎవరి దగ్గర ఏది తీసుకున్నా, అది ఎవరిదో నలుగురికీ చెప్పనిదే వాడుకోడు. వస్తువులకు చెబితే సరే, లోకంలో చాలామంది చెబుతారు. ఆయన మాటలకూ చెబుతాడు, తిట్లకూ చెబుతాడు.

ఆళ్లగడ్డ బజారులో ఆయనకు బట్టల కొట్టు. పక్క కొట్టు మునిస్వామి శెట్టి పోయినప్పుడు పరామర్శకు నేనూ వెంట వెళ్లాను. మామ ఆయన కొడుకు చేయి పట్టుకుని, "మీ నాయన ఉన్నన్నాళ్లు ఈ ఇంటికి తలుపు లేకున్నా భయం లేకుండె అప్పా" అన్నాడు. ఆ అబ్బాయి కళ్లు తుడుచుకున్నాడు. అక్కడితో ఆపితే ఎంతో బాగుండేది.

"ఈ మాట నాది గాదు. మా నాయన పోయినప్పుడు జోసెఫ్ సారు నాతో చెప్పినాడు. బాగుందని పెట్టుకోని ఈడ వాడుకుంటాండా."

ఏడుస్తున్నవాళ్లు ఏడుపు ఆపి ఆయన వైపు చూశారు.

ఇంట్లో పోట్లాటలకూ ఇదే పద్ధతి. ఒకసారి లక్ష్మీకాంతమ్మ అత్త మీద కోపమొచ్చి, "నీతో మాట్లాడేదీ ఒకటే, రోలుతో మాట్లాడేదీ ఒకటే" అని అరిచాడు. ఊపిరి పీల్చుకుని, "ఇది మీ నాయన మీ అమ్మను అంటాండిన మాట" అని కలిపాడు.

అత్త వంటింట్లోంచి, "మా నాయన ఇంకా బాగా అంటాండె" అంది.

ఇలాంటి మనిషి చేతికి కంప్యూటర్ చిక్కితే ఏమవుతుందో నేను ముందే ఊహించి ఉండాల్సింది. నేను నంద్యాలలో ఒక బడిలో కంప్యూటర్ టీచరును. ఆదివారాలు ఆళ్లగడ్డ వెళ్లి మామ కొట్టు మీది గదిలో పిల్లలకు కోడింగులో తొలి పాఠాలు చెబుతాను. దిమ్మెలు పేర్చినట్టు తెర మీద ఆదేశాలు పేరిస్తే బొమ్మ నడుస్తుంది, గెంతుతుంది. బొమ్మను మనమే గీసుకోవచ్చు. లేదంటే ఏ దేశపు పిల్లలో గీసి అందరి కోసం నెట్‌లో పెట్టినవాటిలో వెతికి, నచ్చినది తెచ్చుకోవచ్చు. తెచ్చుకుంటే గీసినవాళ్ల పేరు రాయాలి. నేను ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు మరిచిపోయే పాఠం అదొక్కటే.

ఓ ఆదివారం మామ మెట్లెక్కి వచ్చి, వినయ్ అనే పిల్లవాడి వెనక నిలబడ్డాడు.

"ఈ రాక్షసబల్లి ఎవరిది నాయనా?"

"నెట్లోది సార్."

"నెట్లో ఉంటే నెట్టుదైతాదా? బజార్లో నిలబడిన ఆవు బజారుదైతాదా?"

మామ ఆ బొమ్మ గీసినవారి పేజీ తెరిపించాడు. ఏ భాషో తెలియని అక్షరాలు. వాటి కింద తెలుగులో ఇలా రాయించాడు: "నాయనా, నీ రాక్షసబల్లిని మా వినయ్ వాడుకుంటున్నాడు. బాగా చూసుకుంటాడు. ఇట్లు, విజయభాస్కర్, బట్టల వ్యాపారి, ఆళ్లగడ్డ."

నేను తల పట్టుకున్నాను. మరుసటి వారం దాని కింద ఒక నవ్వు ముఖం వచ్చి ఉండటం చూసి ఇంకా బిత్తరపోయాను.

"ఒప్పుకున్నాడు" అని మామ ప్రకటించాడు.

ఆ పిల్లల్లో సుప్రజ అనే ఏడో తరగతి అమ్మాయి ఉండేది. ఆదేశాలు పేర్చమంటే దానికి చేతులు ఆడవు. బొమ్మ గీయమంటే తల ఎత్తదు. అది గీసిన బర్రె తెర మీద నెమరు వేస్తున్నట్టే ఉండి, మనకే పచ్చిగడ్డి వాసన వచ్చేది. కానీ ఆ బర్రె ఎటూ కదలదు. కదిలించడం సుప్రజకు రాదు.

వాళ్ల నాయన చెన్నకేశవులు పొలాలున్న రైతు, గట్టి మనిషి. ఒకరోజు పైకొచ్చి తెర చూశాడు.

"ఏందీ, ఇంతకాలం పంపిస్తే బర్రెను గీసిందా? బర్రెను చూడాలంటే మా కొట్టంలో లేదా? ఇంగ చాలు మేడం. వచ్చేవారం నుంచి పంపను."

సుప్రజ నేల చూపులు చూసింది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. మామ అడ్డొచ్చాడు.

"సరే, మానిపియ్‌లేప్పా. అయితే వచ్చే నెల నంద్యాలలో పిల్లల కంప్యూటర్ ఆటల పోటీ ఉంది. అందర్నీ తీసుకపోను బండి లేదు. నీ జీపు ఇస్తావా?"

"జీపు ఇంగొకరి చేతికి ఇయ్యను. నేనే తోలకొస్తా."

"అట్లే రాప్పా" అన్నాడు మామ. పిల్లను క్లాసు మానిపిస్తున్న మనిషిని పట్టుకుని బండి అడుగుతాడా అని నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత మా బడిలో పరీక్షలు రావడంతో నేను పోటీ రోజు దాకా ఆళ్లగడ్డ వెళ్లలేకపోయాను. పిల్లలు తమంతట తామే ఆటలు తయారు చేసుకున్నారు. మామ పర్యవేక్షణలో.

పోటీ రోజు నంద్యాల హాల్లో మొదట వినయ్ ఆట వేశారు. తెర మీద ముందుగా పెద్ద అక్షరాలు: "ఈ బర్రె సుప్రజది. అడిగి తీసుకున్నాం." తర్వాత బర్రె లారీలను తప్పించుకుంటూ రోడ్డు దాటింది. బాగుంది అనుకున్నాను.

రెండో ఆట. "ఈ బర్రె సుప్రజది. అడిగి తీసుకున్నాం." బర్రె ఎక్కాలు అప్పజెప్పింది.

మూడో ఆటలో బర్రె తోకతో క్రికెట్ ఆడింది. నాలుగో ఆటలో చంద్రుడి మీద దిగింది. మా పిల్లలందరి ఆటల్లోనూ అదే బర్రె, అందరికీ ముందు అదే పేరు.

న్యాయనిర్ణేత క్రాంతి కుమార్ కళ్లజోడు తీసేశాడు. "మేడం, ఇది కాపీ కదా. మీ సెంటర్ మొత్తాన్ని పోటీ నుంచి తీసేయాల్సి వస్తుంది."

మామ లేచాడు.

"కాపీ యాడుందప్పా? దొంగతనం చేసినోడు ఎవరింట్లో చేసినాడో బోర్డు రాసి పెడ్తాడా? పిల్లలు పెట్టినారు, చూడు. బర్రె ఒకటే. దాంతో చేయించిన పని ఎవరిది వాళ్లదే. విప్పి చూడు."

క్రాంతి కుమార్ ఒక్కొక్కరినీ పిలిచి, ఆట లోపలి ఆదేశాలు విప్పించి, ఏది ఎందుకు పెట్టావని అడిగాడు. మా పిల్లలు తడుముకోకుండా చెప్పారు. ఆయన ముఖం మెల్లగా మారింది.

"సరే, ఒప్పుకుంటున్నాను. ఇంతకీ ఆ సుప్రజ ఆట ఏది?"

"లేదు సార్" అన్నాడు వినయ్. "సుప్రజ పోటీలో లేదు."

"పోటీలో లేకుండానే ఇన్ని ఆటల్లో ఉందా?" క్రాంతి కుమార్ నిజంగానే నివ్వెరపోయాడు. "ఆ పాప వచ్చిందా? ఒకసారి లేచి నిలబడమ్మా."

నాయనతో జీపులో వచ్చిన సుప్రజ లేచింది. హాలంతా చప్పట్లు కొట్టింది. వెనక వరుసలో చెన్నకేశవులు పక్కవాడి భుజం పట్టి కుదుపుతున్నాడు. "అది మా గౌరి. మా కొట్టంలోదే. కుడి కొమ్ము వంకర జూడప్పా, అచ్చం అట్లే దించింది. ఆ గీసింది మా పాప."

మొదటి బహుమతి ఆత్మకూరు అమ్మాయికి వచ్చింది. మా క్రికెట్ బర్రెకు రెండోది. ఆళ్లగడ్డలో జీపు దిగేటప్పుడు చెన్నకేశవులు, "వచ్చే ఆదివారం ఎన్ని గంటలకప్పా?" అని మామను అడిగాడట.

ఆ ఆదివారం మామను నిలదీశాను. "అందరితో ఆ బర్రెనే వాడించింది నువ్వు కదా మామా?"

"ఆ ఆలోచన మీ అత్తది" అన్నాడు మామ, కొట్లో గుడ్డ తాను చుడుతూ.

అక్కడే ఉన్న అత్త విస్తుపోయింది. "నాకు బర్రె సంగతే తెలీదు జ్యోతీ. ఈయప్ప పోటీకి పోను బస్సు మాట్లాడుకోని, మళ్లా పోయి వద్దని చెప్పొచ్చినాడు. ఆ పిల్ల నాయన జీపే కావాలంట, ఆయప్పే తోలాలంట."

నేను మామ వైపు చూశాను. తన ఆలోచనను ఇంకొకరిదని ఆయన చెప్పగా వినడం నాకదే మొదటిసారి. ఆయన మాత్రం నన్ను చూడకుండా ఒకే తానును విప్పి మళ్లీ చుట్టాడు.

ఇప్పుడు సుప్రజ బర్రెను అందరి కోసం నెట్‌లో పెట్టాం. మొన్న పొద్దున్నే చెన్నకేశవులు నాకు ఫోన్ చేశాడు. గొంతు వింటే ఇంట్లో దొంగలు పడ్డట్టుంది.

"మేడం, ఎవురో మా గౌరికి రెక్కలు పెట్టినారు."

"కోపమొచ్చిందా అన్నా?"

"కోపం యాడిది? పేరు రాసినారులే. రెక్కలే తెల్లగా పెట్టినారు. నల్ల బర్రెకు తెల్ల రెక్కలు ఏం బాగుంటాయి? నల్లవి గీయమని పాపను కూర్చోబెట్టినా. తల ఎత్తకండా గీస్తాంది. నేను పక్కన్నే ఉండా, గౌరిని కూడా వాకిట్లోకి తెచ్చి కట్టేసినా, కొలతలకు."