గాలి లేని చరణం

ఆ రోజుల్లో నేను హార్మోనియం మీద వాయించినవాటిలో అన్నిటికంటే గొప్పగా కుదిరిన చరణం ఒకటుంది. దాన్ని తాండూరులో ఒక కొత్త ఇంటి వాకిట్లో, దీపాలు పెట్టి కాసేపైన వేళ వాయించాను. ఎదురుగా బండల మీద చాపలు పరుచుకుని ముప్పై నలభై మంది కూర్చున్నారు. అందరికీ చెవులు బాగానే ఉన్నాయి. కళ్లు మూసుకుని, తల కొద్దిగా పక్కకు వంచి నేను ఆ చరణంలో మునిగి తేలుతుంటే, డోలక్ మీద పడే మెత్తటి దెబ్బలు తప్ప వాకిట్లో చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. జనం ఇంతగా లీనమైపోయారా అని నాకు కళ్లు చెమర్చాయి. ఆ నిశ్శబ్దానికి అసలు కారణం తర్వాత తెలిసింది. హార్మోనియం మోగడం లేదు. చరణం మొదలైన దగ్గర్నుంచి నా ఎడమ చెయ్యి తిత్తిని ఆడించడం మానేసింది. కుడి చెయ్యి మాత్రం మెట్ల మీద మహా భక్తిగా పరుగులు పెడుతోంది. (హార్మోనియం సంగతి తెలియనివారికి ఒక్క మాట: ఒక చేత్తో వెనక తిత్తిని ఆడిస్తూ గాలి కొడితేనే రెండో చేత్తో నొక్కిన మెట్టు పలుకుతుంది. గాలి లేకపోతే అది ఉత్త చెక్కపెట్టె.)

ఇదంతా ఒక అలవాటు వల్ల వచ్చింది. ఆ అలవాటు ఎలా పట్టుకుందో చెప్పాలంటే ముందు వికారాబాదులో మా చిన్నమ్మ ఇంట్లోకి వెళ్లాలి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఒక దినపత్రికకు ఊరి వార్తలు రాసేవాణ్ణి. ఆ ఉద్యోగంలో పేరు రాదు, జీతం ఉందో లేదో చెప్పలేం, తీరిక మాత్రం మస్తుగా ఉండేది. ఆ తీరికనంతా చిన్నమ్మ చక్కగా వాడుకునేది. పొద్దున మార్కెట్ యార్డుకు పోయి కందుల ధర రాసుకుని వచ్చేటప్పటికి గుమ్మం దగ్గర సంచి సిద్ధంగా ఉండేది. గోధుమలు గిర్నీకి పట్టుకుపోవాలి. మిక్సీ జార్ బ్లేడు సాన పట్టించాలి. చిన్నాయన స్కూటర్‌కు కిక్ రాడ్ ఊడిపోతే దాన్ని చేత్తో పట్టుకుని మెకానిక్ దాకా నడవాలి. (స్కూటర్ కూడా నాతోనే నడిచేది.) వీటన్నిటికంటే పెద్ద పని సాయంత్రం మిద్దెక్కి కేబుల్ వైరు సరిచేయడం. నేను పైన వైరు కదిలిస్తూ "వచ్చిందా చిన్నమ్మా?" అని అరవాలి. కింద నుంచి ఆమె, "మొకం వచ్చింది, మాట రాలే!" అనేది. ఇంకొంచెం తిప్పితే, "మాట వచ్చింది, మొకం పోయింది!" ఒక్కోసారి, "ఆగాగు, కదిలియ్యకు! ఆమె ఏడుస్తున్నది. ఏడ్పు అయిపోనీయ్, తర్వాత తిప్పు" అని ఆపేది. ఎవరో ఏడ్చి ముగించేవరకు నేను మిద్దె మీద వైరు పట్టుకుని, అనంతగిరి గుట్టల వెనక ఆకాశం ఎర్రబడి, ఊదారంగులోకి తిరిగి, మెల్లగా నల్లబడడం చూస్తూ నిలబడేవాణ్ణి. పాటలన్నీ నాకు అక్కడే గుర్తుకొచ్చేవి.

పరిగిలో ఒక నాటకాల బృందం మూతపడితే మెట్లు, తిత్తి అప్పుడే కొత్తవి వేయించిన వాళ్ల పాత హార్మోనియం నా చేతికి వచ్చింది. గురువు లేడు. విన్నది విన్నట్టు వేళ్లతో వెతుక్కోవడమే నా సాధన. నాకున్న కోరిక ఒక్కటే. ఎవరైనా, ఎక్కడైనా, నన్ను 'మాస్టరూ' అని పిలవాలి. ఊళ్లో నన్ను 'ఓ పేపరాయనా' అనేవారు, ఇంట్లో 'ఒరేయ్' అనేవారు. మాస్టరు కావడానికి సాధన కావాలి, సాధనకు సాయంత్రం కావాలి. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా చిన్నమ్మది. ఉన్నది ఒక ముందుగది, అందులో టీవీ. మొదటిరోజే ఆమె షరతు చెప్పింది.

"సీరియల్ నడుస్తున్నంతసేపు నీ పెట్టె సప్పుడు నాకు ఇనరావద్దు. అడ్వర్టైజ్‌మెంట్లు వచ్చినప్పుడు నీ ఇష్టం. ఇల్లు పీకి పందిరేసుకో."

రైల్వేలో పనిచేసే చిన్నాయన కంచంలోంచి తల ఎత్తకుండానే, "జర మెల్లగ వాయించు. స్టేషన్ల ఉన్నోళ్లు కొత్త ఇంజన్ వచ్చిందని పరేషాన్ అయితున్నరు" అన్నాడు.

అలా నా సంగీతం ప్రకటనల మధ్య నడిచింది. సబ్బు ప్రకటన రాగానే ఎడమ చేత్తో గాలి కొట్టి పల్లవి ఎత్తుకునేవాణ్ణి. నాలుగు నిమిషాలు గడిచాక సీరియల్ మళ్లీ మొదలయ్యే ముందు దాని చిన్న రాగం ఒకటి టీవీలో మోగేది. అది మోగగానే ఎడమ చెయ్యి ఆగిపోయేది. మొదట్లో కుడి చెయ్యి కూడా ఆగేది. కొన్నాళ్లకు, పాటను మధ్యలో తుంచడానికి ప్రాణం ఒప్పక, కుడి చేత్తో మాత్రం వాయిస్తూ పోవడం మొదలుపెట్టాను. గాలి లేదు కాబట్టి మెట్లు టిక్కుటిక్కుమంటాయి తప్ప పాట వినబడదు. చిన్నమ్మ దానికి అడ్డు చెప్పలేదు. "ఎలుక అనుకుంట తియ్" అంది. తెర మీద అత్తాకోడళ్లు కత్తులు నూరుకుంటుంటే నేను గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని పదేసి నిమిషాలు వాయించేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, ఆ పాటలు చాలా బాగుండేవి. గాలి కొట్టినప్పుడు గరగరమనే మూడు రీడ్లు, అంటే లోపలి ఇత్తడి నాలుకలు, అప్పుడు గరగరమనేవి కావు. అపస్వరం అనేదే పలికేది కాదు. పాట గదిలోంచి లేచి, కిటికీ దాటి, పట్టాల మీద నిలబడ్డ గూడ్సు బండి వెంట మెల్లగా సాగిపోతున్నట్టుండేది. మళ్లీ సబ్బు ప్రకటన వచ్చి గాలి కొట్టగానే ఆ పాట కాస్తా మామూలు పాటయ్యేది.

రీడ్లు బాగుచేయడానికి తాండూరు పోవాలి. స్టేషన్ దగ్గర ఒక చాచా ఉండేవాడు. గొడుగులు, సూట్‌కేసులు, హార్మోనియంలు ఒకే చేత్తో బాగుచేసేవాడు. హార్మోనియంను దుప్పట్లో చుట్టి, పాసింజరు బండిలో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బండి కుదిపినప్పుడల్లా మూటలోంచి అది 'కొక్' మనేది. ఎదురుగా కూర్చున్న కన్నడ ముసలమ్మ దుప్పటిని వేలితో పొడిచి చూసి, లోపల ఉన్నది కోడిపెట్టా, పుంజా అని సైగతో అడిగింది. నాకు చెప్పడం రాక రెండూ అన్నట్టు తలాడించాను. కంది చేలు దాటి, పట్టాల పక్కన పేర్చిన బండల గుట్టలు కనిపించేదాకా ఆమె నన్ను అనుమానంగా చూస్తూనే ఉంది.

చాచా పెట్టె విప్పాడు. ముందు దాని మీద పడ్డ ఆ ఊరి రాతిపొడి ఊదేశాడు. తర్వాత మెట్ల మీద వేలు రాసి చూశాడు. తిత్తి మడతలు తెరిచి వాసన చూశాడు. కళ్లద్దాలు తీసి నా వంక చూశాడు.

"ఏం బేటా, మెట్లు చూస్తే పదేండ్ల సంది వాయిస్తున్నట్టు అరిగినయ్. తిత్తి చూస్తే నిన్న కొన్నట్టుంది. గాలి కొట్టకుంట వాయిస్తవా ఏంది?"

"లేదు చాచా, నాది మెత్తటి చెయ్యి" అన్నాను.

అతను నమ్మలేదు గానీ, ఆ అరిగిన మెట్లే నాకు యోగ్యతాపత్రం అయ్యాయి. తాండూరులో గురువారం భజన చేసే బృందం ఒకటుండేది. వాళ్ల హార్మోనియం మాస్టరు, బడిపంతులు, బదిలీ మీద కొడంగల్ పోయాడు. బృందానికి పెద్ద ఒకాయన. తాళాలు వాయిస్తాడు కాబట్టి అందరూ తాళాల పెద్దాయన అనేవారు. చాచా ఆయనతో, "మెట్ల అరుగు చూసి చెప్తున్న, గీ పిలగాడు మస్తు సాధన చేసిండు" అని చెప్పాడట. ఒక గృహప్రవేశం నాటి సాయంత్రం రమ్మని నాకు కబురొచ్చింది. పాట నచ్చితే ఆ స్థానం నాది. వారం రోజులు నాకు నిద్రలో కూడా 'మాస్టరూ' అన్న పిలుపే వినబడింది.

చిన్నమ్మ తానూ వస్తానంది. అది చిన్న విషయం కాదు. ఆ రోజే సీరియల్‌లో ఏళ్ల తరబడి విడిపోయిన తల్లీకూతుళ్లు కలుస్తారు. "నీకోసం తల్లీబిడ్డల్ని ఇడిసిపెట్టి వస్తున్న. మంచిగ వాయించకపోతే సూడు మరి" అని బండి ఎక్కింది.

"ముందుగాల పెట్టె మీదనే ఒక పాట వాయించు పిలగా, ఇంటం" అన్నాడు తాళాల పెద్దాయన. నా పక్కన డోలక్ అన్న కూర్చున్నాడు. బండల పాలిష్ పట్టే చోట పని, పెద్ద చేతులు, మెత్తటి వాయింపు. పల్లవి బాగా వచ్చింది. మొదటి చరణం ఇంకా బాగా వచ్చింది. పెద్దాయన తల ఊపాడు. సరిగ్గా అప్పుడు పక్కింటి కిటికీలోంచి, ప్రకటనలు అయిపోయి, సీరియల్ రాగం మోగింది. మోగిందని తర్వాత అందరూ చెప్పారు. నాకు విన్న గుర్తు కూడా లేదు. నా ఎడమ చెయ్యికి మాత్రం వినబడింది. అది బుద్ధిగా ఆగిపోయింది. తిత్తిలో మిగిలిన కాస్త గాలి మూలిగి, చల్లారింది. నేను కళ్లు మూసుకుని రెండో చరణంలోకి వెళ్లిపోయాను.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు, విన్నదే రాస్తున్నాను. నేను మెత్తగా వాయిస్తున్నాననుకుని డోలక్ అన్న కూడా దెబ్బ తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. చివరికి వేలికొనలతో తాకుతూ పెట్టె దగ్గరికి చెవి వంచాడు. తాళాల పెద్దాయన చెవిలో వేలు పెట్టి గట్టిగా కదిలించుకున్నాడు. రెండో చెవిలో కూడా పెట్టుకున్నాడు. ఆడవాళ్ల వైపు ఎవరో గుసగుసగా, "పెట్టె కరాబైందేమో" అంటే, ఇంకొకామె, "కాదు, మనసుల వాయిస్తున్నడు" అంది. "ఏడుస్తున్నడు గద పాపం, ఎవ్వలన్న పలకరియ్యిర్రి" అని మూడో ఆమె. కళ్లు మూసుకుని కన్నీళ్లు పెట్టుకుంటున్న మనిషిని లేపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. సంగతి అర్థమైన మనిషి ఆ వాకిట్లో ఒక్కతే ఉంది. ఆమె లేచి నిలబడింది.

"ఒరేయ్! గాలి కొట్టురా! గది మనింట్ల టీవీ కాదు, పక్కింటోళ్లది!"

ఉలిక్కిపడి కళ్లు తెరిచాను. ఎడమ చెయ్యి భయంతో గాలి కొట్టింది. వేలు ఏ మెట్టు మీదుందో ఆ మెట్టు పెద్దగా కెవ్వుమంది. వాకిలి గొల్లుమంది. చిన్నమ్మ కూర్చోలేదు. మా ఇంటి షరతు ఏమిటో, టీవీ ఎక్కడుంటుందో, ప్రకటనలు ఎంతసేపో, ఎలుక సంగతితో సహా అందరికీ వివరించింది. "నేను ఒద్దంటే ఒక్కసారి ఎదురు చెప్పలే. గసుంటి పిలగాడు" అని గర్వంగా ముగించింది. మిగతా పాట వాయించాను. గాలి పుష్కలంగా ఉంది, పాటే ఎక్కడికో పోయింది.

పెద్దాయన చాలాసేపు తాళాల తాడు సర్దుకుని, "గాలి కొట్టినప్పుడు బాగనే వాయించినవ్ పిలగా. కొట్టనప్పుడు ఇంకింత మంచిగ వాయించినవేమో, మాకైతే ఇనరాలే" అన్నాడు. తర్వాత మెల్లగా, "పంతులు సారు కొడంగల్ కెల్లి గురువారం గురువారం బస్సుల వస్తనంటున్నడు. నువ్వు గూడ రా. చిడతలు పట్టు."

"చిడతలకు గాలి అక్కర్లే తియ్, తమ్మీ" అన్నాడు డోలక్ అన్న, నా భుజం మీద చెయ్యి వేసి.

తిరుగు బండిలో చిన్నమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బయట చీకట్లో బండల గుట్టలు తెల్లగా వెనక్కి పోతున్నాయి.

"కోపమొచ్చిందార?" అంది.

"లేదు చిన్నమ్మా."

"గాలి లేనప్పుడు ఏం వాయించినవ్?"

"రెండో చరణం."

"మంచిగొచ్చిందా?"

"మస్తు వచ్చింది."

"అయ్యో" అంది. "రేపటి సంది ఎనిమిదింటి సీరియల్ ఇడిసిపెడ్త. అప్పుడు గాలి కొట్టి వాయించుకో" అంది. అన్నమాట ప్రకారం నాలుగు రోజులు టీవీ కట్టేసి, కొంగు నడుముకు దోపుకుని నా ఎదురుగా కూర్చుంది. ఐదో రోజు సీరియల్‌లో ఎవరికో మతి పోయిందని తెలిసి మళ్లీ పెట్టింది. ఆ నాలుగు రోజుల్లో ఆ చరణం ఒక్కసారి కూడా అలా రాలేదు.

మూడేళ్లు గురువారం గురువారం తాండూరు పోయి చిడతలు వాయించాను. నన్నెవరూ మాస్టరూ అనలేదు, చిడతల తమ్ముడా అనేవారు. ఇప్పుడు మా ఇంట్లో ముందుగది నాది. ఎవరి సీరియల్ వాళ్లు తమ ఫోనులో చెవులకు తీగలు పెట్టుకుని చూసుకుంటారు. సాయంత్రం ఎంతసేపు గాలి కొట్టినా అడిగేవారు లేరు. ఆ ఇరవై రెండేళ్ల పిల్లవాడు ఆ వాకిట్లో విన్నది వినాలని అప్పుడప్పుడు కూర్చుంటాను. నాకు వినిపించేది మాత్రం హార్మోనియమే.

డోలక్ అన్న ఇప్పటికీ ఫోను చేసినప్పుడు, తన దెబ్బకు నా వేళ్లు ఒక్కసారి కూడా తప్పలేదని ఒట్టేసి చెబుతాడు. లయ సంగతి సరే, ఏ మెట్టు మీద పడ్డాయని అడిగితే, అది తనకు తెలియదంటాడు. చిన్నమ్మ అప్పుడు నా ఎడమ చెయ్యి చూస్తోంది. వేళ్లు చూసి స్వరం చెప్పగలిగిన మనిషి కొడంగల్ పంతులు ఒక్కడే. ఆ సాయంత్రం ఆయన రాలేదు. అందుకని ఆ చరణం నేను సరిగ్గా వాయించానో లేదో ఇంతవరకూ తేలలేదు.