మాతృభాష గడి

ఈ రోజు తమిళనాడులో కనకమ్మసత్రం దగ్గర మా గవర్నమెంటు మిడిల్ స్కూల్లో పేరెంట్స్ మీటింగ్. ఏడో తరగతి మార్కులు చెప్పి, పిల్లల వివరాలు ఫారంలో నింపడం నా పని. లెక్కల్లో ఫస్టొచ్చిన పాప వాళ్లమ్మ నాతో అరగంట తెలుగులోనే మాట్లాడింది. మాతృభాష గడిలో తెలుగు అని రాయబోతే చెయ్యి పట్టుకుంది.

"తమిళమనే రాయండి టీచర్. మా పాప తెలుగు యాడ చదవతాది? ఇంట్లో మాట్లాడుకునేదానికే గదా అది!"

తెలుగు మాట్లాడే తల్లులందరిదీ అదే మాట. సాయంత్రానికి ఫారమంతా తమిళమే. అడుగున క్లాస్ టీచర్ మాతృభాష గడిలో మాత్రం తెలుగు అని రాసి సంతకం పెట్టాను.

ఈ పోస్టు చదవగలిగినవాళ్లు మా వైపు ఎవరైనా ఉంటే ఒక్క ముక్క రాయండి. తమిళంలోనైనా సరే.