తప్పుల తిజానీ

చెప్పింది చెప్పినట్టు రాయడం సి తిజానీకి చేతకాదు. చెవులు బాగానే ఉన్నాయి, చెయ్యీ బాగానే ఉంది. ఆ రెంటికీ మధ్య ఎక్కడో మాట దారి తప్పుతుంది. మీరు తూర్పు అనండి, బుద్ధిగా తలూపుతాడు. "ఆహా" అంటాడు. మేడెక్కి వెళ్లి పడమర అని రాస్తాడు. మా కెర్కెన్నా దీవుల్లో అందరూ ఆయన్ని తప్పుల తిజానీ అంటారు. మొహం మీద కాదులెండి, అక్కడ 'సి' తిజానీ, అంటే తిజానీ గారు. మొహం మీద తప్పుల తిజానీ అనేదాన్ని నేనొక్కదాన్నే. నన్ను ఊళ్లో అందరూ ఖాల్తీ అంటారు, అంటే పిన్ని.

మా బడిలో చరిత్ర, భూగోళం చెప్పడానికి స్ఫాక్స్ పట్నం నుంచి పడవెక్కి వచ్చి, నా మేడగదిలో అద్దెకు దిగాడు. వచ్చిన ఏడాదే బడి కంప్యూటర్లలో వికీ అని ఒకటి మొదలుపెట్టాడు.

"అదేంటయ్యా?" అన్నాను.

"గోడ లాంటిదనుకోండి ఖాల్తీ. మొదట నేనో నాలుగు ముక్కలు రాస్తాను. పిల్లల్లో ఎవరైనా వచ్చి చెరపొచ్చు, దిద్దొచ్చు, కింద ఇంకాస్త చేర్చొచ్చు. అలా మన దీవి గురించి వాళ్లే ఒక పుస్తకం తయారుచేస్తారు."

"మా సందులో గోడలన్నీ అలాంటివేగా. దానికి కరెంటు దండగ ఎందుకు?"

నవ్వాడు. మేడెక్కాడు.

ఆ వికీ ఊళ్లో అందరి ఫోన్లలోనూ కనబడేది. నేనూ అక్షరాలు పెద్దవి చేసుకుని చదివేదాన్ని. నా చదువు రెండో తరగతి. నాకది సరిపోయింది. కొందరికి పదహారేళ్లు చదివినా సరిపోలేదు, వాళ్లలో ఒకడు నా మేడ మీదే ఉన్నాడు.

మొదట ఆక్టోపస్ దగ్గర మొదలైంది. ఒకరోజు నా వంటింటి గుమ్మంలో నిలబడి, ఆక్టోపస్‌ని ఎలా పడతారని అడిగాడు. ఎలా పడతారో మా ఊళ్లో పిల్లికి కూడా తెలుసు. అయినా ఓపిగ్గా చెప్పాను: "మట్టి కుండలు వరసగా తాడుకు కట్టి సముద్రంలో దింపుతారు. లోపల ఎర గిర ఏమీ పెట్టరు. ఉత్త కుండ. అదేదో ఇల్లనుకుని దూరుతుంది. అద్దె అడగని ఇల్లు దొరికితే నువ్వు మాత్రం దూరవూ?"

"ఆహా" అన్నాడు. మేడెక్కాడు. సాయంత్రానికల్లా వికీలో ఏముంది? 'కుండలో ఒక సార్డీన్ చేపను ఎరగా పెడతారు.'

చెప్పు కాలికి వేసుకోకుండా చేత్తో పట్టుకుని మేడెక్కాను. "సి తిజానీ! నీ చెవుల్లో ఏం కూరుకున్నావు? ఎర పెట్టరని చెప్పానా లేదా?"

"చెప్పారు ఖాల్తీ."

"మరి?"

"తప్పుంటే ఎవరో ఒకరు దిద్దుతారులెండి. వికీ కదా."

అన్నట్టే మర్నాటికి ఎవరో దిద్దారు. ఎర తీసేసి, కుండ ఏ రంగుదైతే ఆక్టోపస్ ఇష్టపడుతుందో కూడా రాశారు. పిల్లలు అక్కడ సొంత పేర్లు పెట్టుకోరు, మారుపేర్లు పెట్టుకుంటారు. అలా దిద్దిన పిల్ల పెట్టుకున్న పేరు 'గవ్వ'.

దీన్నయినా క్షమించాను. కుస్‌కుస్ సంగతి మాత్రం క్షమించలేను. ఆ గోధుమరవ్వను, కింద కుండలో పులుసు మరుగుతుంటే, పై గిన్నెలో ఆవిరి మీద ఉడికించాలని, ఒకసారి దించి చేత్తో పొడిపొడిగా చేసి మళ్లీ ఎక్కించాలని పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. పైగా ఒక పళ్లెం తినేశాడు. తిని, నోరు కడుక్కుని, మేడెక్కి, 'కుస్‌కుస్‌ను నీళ్లలో వేసి ఉడకబెట్టాలి' అని రాశాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కింద 'ఈ సంగతి చెప్పినవారు: ఖాల్తీ దూజా' అని నా పేరు కూడా పెట్టాడు!

కొట్టుకెళితే కొట్టువాడు నవ్వాడు. "ఏం ఖాల్తీ, పళ్లు పోయాయా? కుస్‌కుస్‌ని గంజి కాస్తున్నావట?"

"నా పళ్లు గట్టివేనని నీ చెయ్యి కొరికి చూపించనా?" అన్నాను. ఇంటికొచ్చి మేడెక్కి మాట్లాడిన మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. సి తిజానీ అన్నీ విన్నాడు. చివర్లో మెల్లగా ఫోను నా ముందుంచాడు. అప్పటికే గవ్వ దిద్దింది. ఆవిరి, రెండోసారి ఎక్కించడం, అన్నీ రాసి చివర ఒక ముక్క చేర్చింది: 'నీళ్లలో ఉడకబెట్టమని ఖాల్తీ దూజా ఎన్నటికీ చెప్పదు. చెప్పిందన్నవాళ్లు అబద్ధాలకోర్లు.'

ఆ గవ్వ ఎవరో గానీ మంచి ఇంట పుట్టిన పిల్ల అనుకున్నాను.

ఇక సముద్రం సంగతి. మా దగ్గర నేలకు లాగే సముద్రానికీ హద్దులుంటాయి. లోతులేని నీళ్లలో ఈతకొమ్మలు వరసగా పాతి చేపల కోసం కంచెలు కడతారు. ఆ చోటు ఫలానా ఇంటిదని తాతల నాటి నుంచి వస్తుంది. ఇదీ నేనే చెప్పాను. సి తిజానీ ఏం రాసుంటాడో ఇప్పుడు మీరే చెప్పగలరు. 'దీవి చుట్టూ సముద్రం ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా ఎక్కడైనా చేపలు పట్టుకోవచ్చు.'

మిగతా సముద్రం అంతా ఊరుకున్నా హాజీ షాబాన్ ఊరుకోడు. రేవు పక్కన పెద్ద కంచె ఆయనది. గవ్వ దిద్దేలోపే ఆ ముక్కను కొడుకు ఫోన్లో ఫొటో తీయించి, బడికెళ్లి హెడ్‌మాస్టర్ బల్ల మీద గుద్దాడు. "మా తాత పాతిన కంచె ఎవరిదీ కాదా? రేపెవడో వచ్చి నా చేపలు ఎత్తుకుపోతే మీ మాస్టారు తెచ్చిస్తాడా?"

హెడ్‌మాస్టర్ పిరికివాడు. శనివారం తల్లిదండ్రులందరినీ పిలిచాడు. తేలేదాన్ని బట్టి వికీకి మూత, సి తిజానీకి తిరుగు పడవ అన్నాడు.

"అందరి ముందు తప్పైందని ఒక్క మాటనేయ్, పోతుంది," అని సి తిజానీకి చెప్పాను.

"అది తప్పని వాళ్లకే కాదు, నాకూ తెలుసు ఖాల్తీ," అన్నాడు. అని, నాలుక కరుచుకున్నాడు.

'నాకూ తెలుసు' అంటాడా? తెలిసి ఎందుకు రాసినట్టు? అడిగేలోపే మేడెక్కేశాడు.

శనివారం బడి నిండిపోయింది. పిల్లలు వెనక నిలబడ్డారు. హెడ్‌మాస్టర్ గోడ మీద బొమ్మ పడేట్టు ఆ పేజీ చూపించాడు. తీరా చూస్తే అది అప్పటికే దిద్ది ఉంది. రేవు నుంచి ఎవరి కంచె ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, అలలు ఎటు నుంచి వస్తే కొమ్మలు ఎటు వంచి పాతాలో, ఎవరి తాత ఎవరి తాతతో తగువాడాడో, అంతా ఉంది. ముసలాళ్లు నోళ్లు తెరిచి చదువుతున్నారు.

"ఇది పిల్లలు రాసింది కాదు. సి తిజానీ, ఈ గవ్వ ఎవరు?" అన్నాడు హెడ్‌మాస్టర్.

"చెప్పను."

"చెప్పకపోతే నువ్వే రాసుకున్నావని అనుకోవాల్సొస్తుంది. సోమవారం పడవెక్కు."

"అలాగే," అన్నాడు, ఎవరో ఉప్పు అందించమన్నట్టు.

ఆయన్ని తిట్టడానికి నేను లేవబోతుంటే వెనక నుంచి ఒక సన్నటి గొంతు వచ్చింది.

"నేనే."

హనియ్యా. హాజీ షాబాన్ మనవరాలు. బడిలో చేరిన నాటి నుంచి ఆ పిల్ల గొంతు విన్నవాళ్లు లేరు. పేరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, అంతే.

"మా హనియ్యానా?" అన్నాడు హాజీ. "దానికి నోరే లేదు కదయ్యా!" మళ్లీ గోడ వైపు తిరిగి, కళ్లు చికిలించి చదివి, అరిచాడు. "ఇదిగో, ఇక్కడ తప్పు! ఆ రెండో కంచె దాకా కూడా నాదే."

"కాదు తాతా. అది అత్త పెళ్లికి అత్తకిచ్చేశావు."

"ఎప్పుడు?"

"నువ్వే చెప్పావు. ఇచ్చినందుకు ఇప్పటికీ బాధపడుతున్నానని కూడా చెప్పావు."

ముందు వరసలో వాళ్ల అత్త లేచి నిలబడింది. "బాధపడుతున్నావా నాన్నా?"

ఇంక ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. నవ్వనిది ఒక్క హాజీయే. ఆయనా కాసేపటికి హెడ్‌మాస్టర్‌ని పక్కకు తోసి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "దీన్ని మూసేస్తే ఊరుకోను. మా నాన్న సంగతి ఒక్క ముక్కే రాసింది. ఇటు రావే, నేను చెబుతా, నువ్వు కొట్టు." వికీ సంగతి అలా తేలిపోయింది, హెడ్‌మాస్టర్ తేల్చాల్సిన పనే లేకుండా.

ఇంటికి నడుస్తూ సి తిజానీని అడిగాను. "ఏమయ్యా, నువ్వు చెవిటివాడివి కాదన్నమాట."

చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నేను సరిగ్గా రాస్తే క్లాసంతా కాపీ కొట్టి నిద్రపోతుంది ఖాల్తీ. వాళ్లింట్లో సంగతే నేను తప్పు రాశాననుకోండి, నోరు విప్పని పిల్ల కూడా ఊరుకోలేదు. ఆ పిల్ల పేరు నేను బయటపెడితే మళ్లీ ముడుచుకుపోతుందని…"

"దాని కోసం నా కుస్‌కుస్‌ని నీళ్లలో ఉడకబెట్టాలా?"

"మీ పేరు పెడితే ఆ పిల్లకి ఇంకా కోపమొస్తుందనుకున్నాను. వచ్చింది కదా. రెండు పేరాలు రాసింది."

ఇలాంటివాడిని ఏమంటాం? ఆ రాత్రి భోజనం పెట్టాను, అంతే.

మొన్న హాజీ షాబాన్ నా గుమ్మంలోకి వచ్చాడు. "దూజా, మీ మాస్టారికి కాస్త చెప్పు. ఇంట్లో నన్నొక్క మాట పూర్తి చెయ్యనివ్వడం లేదు ఆ పిల్ల. నోరు తెరిస్తే 'కాదు తాతా' అంటోంది."

"నోళ్లు తెరిపించడమే ఆయనకొచ్చు హాజీ, మూయించడం రాదు. కూర్చో, టీ తాగు."

కూర్చున్నాడు. ఫిర్యాదు మొదలుపెట్టాడు. హనియ్యా ఏ రోజు ఏమందో, చెయ్యెలా తిప్పిందో, ఆ పిల్ల గొంతు పెట్టి మరీ చెబుతున్నాడు. ఒకచోట నేను, "పోనీలే, అంత మాట అని ఉండదులే," అన్నాను.

"నీకేం తెలుసు? అక్షరం పొల్లుపోకుండా ఇలాగే అంది," అని గ్లాసు కింద పెట్టి, మొదటి నుంచి మళ్లీ చెప్పాడు.